బ్యాంకాక్ వాట్ ఫోలో నాలుగు రాజస్తూపాలు: ఒంగోలు టైల్స్ మేస్త్రి సమీక్ష

బ్యాంకాక్ టూరుకు సిద్ధమవుతున్న ఒంగోలు, చీమకుర్తి, దర్శి మిత్రులకు ముందుగా ఒక మాట. వాట్ ఫో గుడికి మిమ్మల్ని ఎవరు తీసుకెళ్లినా, శయన బుద్ధుణ్ణి చూపించి వెంటనే బస్సు ఎక్కమంటే ఎక్కవద్దు. ఆ ప్రాంగణంలోనే, బుద్ధుడి మందిరానికి కూతవేటు దూరంలో, నలుగురు రాజుల పేర కట్టిన నాలుగు మహాస్తూపాలు ఉన్నాయి. ఒక్కొక్కటి 42 మీటర్ల ఎత్తు. పీఠం మీద నుంచి కొస దాకా రంగురంగుల పింగాణీ పెంకులు అద్దిన కట్టడాలు. పెంకు పని ఎంత దూరం పోగలదో చూడాలంటే అక్కడ చూడాలి.

నేను ఒంగోలులో టైల్స్ పని చేస్తాను. వంటగదులు, స్నానాల గదులు, ఇళ్ల ముందు ఎలివేషన్లు, అప్పుడప్పుడు చిన్న గుళ్ల గోపురాలకు చైనా మొజాయిక్. అమ్మకాలు బాగా జరిగిన ఏడాది టైల్స్ కంపెనీలు డీలర్లతో పాటు కొందరు మేస్త్రీలను కూడా టూరుకు పంపడం మన దగ్గర ఉన్నదే. కర్నూలు రోడ్డులో మేము సరుకు తీసుకునే దుకాణం యజమాని నా పేరు, మా బావమరిది పేరు రాయించారు. చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి విమానం. ఆ ఖర్చు మాది కాదు కాబట్టి టూరు గురించి ఫిర్యాదు చేయకూడదని కొందరు అన్నారు. నేను ఒప్పుకోను. డబ్బు ఎవరిదైనా, చూడవలసింది చూపించకపోతే చెప్పాల్సిందే.

మాకు జరిగింది ఇది. ఏర్పాట్లు చూసిన ఏజెన్సీ వాళ్లు వాట్ ఫోకు నలభై నిమిషాలు ఇచ్చారు. అందులో సగం చెప్పులు విడిచే చోట వరుసలోనే పోయింది. బుద్ధుణ్ణి చూసి బయటికి రాగానే గోడ మీదుగా ఆ స్తూపాల శిఖరాలు కనిపించాయి. అవేమిటని గైడును అడిగితే, "అవి రాజుల సమాధులు, లోపలికి పోనివ్వరు, అక్కడ చూడటానికి ఏమీ లేదు" అన్నాడు. లోపలికి వెళ్లలేమన్న మాట నిజమే, స్తూపం కనుక. మిగిలిన రెండూ తప్పు. మరునాడు మధ్యాహ్నం షాపింగుకు వదిలారు. మిగతావాళ్లు బజారుకు వెళ్లారు, మేమిద్దరం మెట్రో ఎక్కి సనమ్ చాయ్ స్టేషన్‌లో దిగాం. స్టేషన్ నుంచి గుడికి కొద్దిపాటి నడక.

విదేశీయులకు టికెట్టు 300 బాత్. మన డబ్బులో ఎనిమిది వందల దరిదాపు. చిన్న మంచినీళ్ల సీసా ఒకటి టికెట్టుతోనే ఇస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. లుంగీ, షార్టు లాంటివి వద్దు, ప్యాంటు మంచిది. స్తూపాల ప్రాంగణంలో చెప్పులు విప్పక్కర్లేదు, మందిరాల లోపలికి మాత్రం విప్పాలి.

ఇక అసలు విషయం. నాలుగింటినీ కలిపి ఒక తెల్లటి గోడ చుట్టుకుని ఉంటుంది. గోడకు ఉన్న ద్వారాల మీద కూడా పింగాణీ పువ్వులే. మధ్యలో ఆకుపచ్చ స్తూపం, దానికి ఇటు తెల్లది, అటు పసుపుది, కాస్త విడిగా వెనక నీలం రంగుది. దూరం నుంచి ఒక్కొక్కటీ ఒకే రంగుగా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే ఆ రంగు నేపథ్యం మాత్రమేనని తెలుస్తుంది. దాని మీద వేరే రంగుల పెంకుతో పువ్వులు, తీగలు, ఆకులు. గీసిన పువ్వులు కావు. రేకు రేకుగా విడిగా కాల్చిన ముక్కలను తెచ్చి, ఒక్కొక్కటే సున్నంలో గుచ్చి నిలబెట్టిన పువ్వులు. గోడ మీంచి బయటికి పొడుచుకు వస్తాయి. వాటి నీడ పక్క పెంకు మీద పడుతుంది.

ఈ పని చేసేవాడు మొదట చూసేది మూలలను. గది నేల ఎంత పెద్దదైనా మధ్యలో పని సాఫీగా సాగిపోతుంది, చేయి ఆగేది మూల దగ్గరే. ఈ స్తూపాలు చదరంగా మొదలవుతాయి, కానీ ప్రతి మూలనూ లోపలికి విరిచి మూడు మూలలుగా చేశారు. అంటే నాలుగు మూలల కట్టడం పన్నెండు మూలలదయింది. అది పీఠం దగ్గర ఒక్కచోటే కాదు. ఒకదాని మీద ఒకటిగా ఎన్ని అంతరువులు ఉన్నాయో ప్రతి అంతరువుకూ అదే విరుపు. గంట ఆకారంలో ఉన్న నడుము భాగానికీ అదే విరుపు, వంపుతో సహా. పైకి పోయేకొద్దీ కట్టడం సన్నబడుతుంది కనుక కింద వరుసకు సరిపోయిన ముక్క పై వరుసకు సరిపోదు. మళ్లీ కొలవాలి, మళ్లీ కొయ్యాలి. మాకిప్పుడు కటింగ్ మిషన్ ఉంది, రసమట్టం ఉంది, లేజరు ఉంది. వాళ్లకు దారం, తూకం గుండు, మూలమట్టం, కళ్లు. నేను నేల మీద నిలబడి ఒక్కో విరుపు గీతను కింద నుంచి కొస దాకా చూపుతో పట్టుకుని వెళ్లాను. ఎక్కడా పక్కకు జారలేదు.

మా బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బావా, దీనికి అడుగు లెక్కన రేటు చెప్పగలమా?" అన్నాడు.

"చెప్పలేం. రోజు కూలీకి తప్ప ఎవరూ ఒప్పుకోలేని పని ఇది" అన్నాను.

"రోజు కూలీకైనా ఇంత ఓపిక ఎవరికి ఉంటుంది?" అన్నాడు. వాడు చేయి చురుకైన పనివాడు, అయితే తొందర మనిషి. వాడి నోటి నుంచి ఆ మాట రావడం నాకు సంతోషం కలిగించింది.

పెంకును తాకనివ్వరు, తట్టి చూడనివ్వరు. తడితే గుల్లగా మోగుతుందో లేదో వినడం మాకు అలవాటు. అది కుదరదు కనుక ఎండ ఏటవాలుగా పడే వేళ కోసం ఆగాం. నాలుగు గంటలు దాటాక వెలుతురు పక్క నుంచి పడుతుంది. అప్పుడు ఏ పెంకు ఒక వెంట్రుక వాసి పైకి లేచినా దాని అంచున నీడ గీత పడుతుంది. కొత్త ఇంట్లో పని అప్పగించే ముందు మేము గోడ పక్కన బల్బు పెట్టి చూసుకునేది కూడా ఇందుకే. అక్కడక్కడా ఈ మధ్య బాగుచేసిన చోట్లు తెలిశాయి. కొత్త పెంకు రంగు కాస్త గట్టిగా ఉంది, సందు కాస్త వెడల్పుగా ఉంది. పాత పని ఉన్న చోట ఆ తేడాలు లేవు.

ఇవి సిమెంటుతో కట్టినవి కావు. ఆ దేశంలో సిమెంటు కంపెనీ పెట్టిందే 1913లో. ఈ స్తూపాలన్నీ అంతకు ముందువి. ఇటుక, సున్నం, దాని మీద పెంకు. సిమెంటు మాలు బిగుసుకుపోతుంది. ఎండకు గోడ పెరిగి, వానకు తగ్గినప్పుడు ఆ ఒత్తిడి పెంకు మీదే పడుతుంది. మన ఊళ్లలో కొత్త ఇళ్ల ఎలివేషన్ టైల్స్ నాలుగు వేసవులు తిరగకుండానే రాలిపోవడానికి అదీ ఒక కారణం. గానుగ సున్నం అలా కాదు, గోడతో పాటు కాస్త సర్దుకుంటుంది. బ్యాంకాక్‌లో పక్కనే నది, ఏడాదిలో సగం వానలు, మిగతా సగం ఉక్క. అంత తేమలోనూ ఆ రేకులు నిలబడే ఉన్నాయి. ఇంకొకటి గమనించాను. స్తూపం మీద నీళ్లు నిలిచే చదును భాగం పెద్దగా లేదు. ప్రతి అంతరువూ అంచు దగ్గర వాలు తీసుకుంటుంది. నీటిని నిలవనివ్వకపోతే సగం కాపాడినట్టే.

ఎవరి స్తూపం ఏదో తెలుసుకుని చూస్తే ఈ నాలుగూ ఇంకా దగ్గరవుతాయి. ఆకుపచ్చది థాయ్‌లాండ్‌ను ఏలే చక్రి వంశంలో మొదటి రాజు మొదటి రామ కట్టించినది. అంతకు ముందు రాజధాని అయుథయలో, రాజభవనం గుడిలో, ఫ్రా సి సన్‌ఫెట్ అనే నిలువెత్తు బుద్ధ విగ్రహం ఉండేది. పదహారు మీటర్ల ఎత్తు, ఒంటి నిండా బంగారు తొడుగు. 1767లో బర్మా సైన్యం అయుథయను కాల్చినప్పుడు ఆ బంగారాన్ని కరిగించుకుని పోయింది. మిగిలిన లోహపు మొండెం బ్యాంకాక్‌కు చేరింది. దాన్ని మళ్లీ కరిగించి పోతపోయకుండా, ఆ రాజు ఈ స్తూపం కట్టి అందులో నిక్షేపించాడు. అంటే మనం చూసే ఆ పచ్చటి పువ్వుల వెనక కాలిపోయిన రాజధాని నుంచి వచ్చిన బుద్ధుడు ఉన్నాడు. మా గైడు సమాధులన్న వాటిలో ఇదొకటి. ఈ కథ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

తెల్లది మూడవ రామ తన తండ్రి రెండవ రామ పేర కట్టించాడు. పసుపుది తన పేర కట్టించుకున్నాడు. ఈ గుడికి ఇప్పుడున్న రూపం చాలావరకు ఈ మూడవ రామ కాలానిది. 1832 ప్రాంతంలో పెద్ద ఎత్తున పని మొదలుపెట్టి ఏళ్ల తరబడి చేయించాడు, శయన బుద్ధుడు కూడా ఆయన కట్టించినదే. ఇక నీలం స్తూపం నాలుగవ రామది. మోంగ్‌కుట్ అని అందరికీ తెలిసిన రాజు. సింహాసనం ఎక్కకముందు ఇరవై ఏడేళ్లు భిక్షువుగా ఉన్నాడు. మిగతా మూడూ ఒక తీరుగా ఉంటే ఆయన స్తూపం తీరు వేరు. అయుథయలోని సూర్యోథాయి రాణి స్తూపం నమూనా తీసుకున్నారు. నలుగురిలో ఆయన పని నాకు కాస్త భారంగా అనిపించింది. పువ్వు పని చిక్కదనంలో ఆకుపచ్చదే మొదటిది, తర్వాత తెల్లది. తెలుపు మీద పని చేయడం ఎంత కష్టమో ఈ పని చేసేవాళ్లకు తెలుసు. సందు మురికి పడితే తెలుపు దాచదు.

నాలుగవ రామ తన స్తూపం పూర్తయ్యాక నాలుగింటి చుట్టూ గోడ కట్టించి, ఇక ముందు వచ్చే రాజులు ఇక్కడ స్తూపాలు కట్టనక్కర్లేదని చెప్పాడట. మేము నలుగురం బతికి ఉండగా ఒకరినొకరు చూసుకున్నవాళ్లం, అందుకే ఒకచోట ఉన్నాం అన్నది ఆయన కారణం. లెక్క వేస్తే నిజమే. మొదటి రామ 1809లో చనిపోయే నాటికి ఈ మనవడు నాలుగైదేళ్ల పిల్లవాడు. తాత, తండ్రి, అన్న, తాను. తెల్లది తండ్రిది, పసుపుది సవతి తల్లి కొడుకైన అన్నది. ఇది తెలుసుకున్నాక నేను మళ్లీ ఒక చుట్టు తిరిగాను. అప్పటిదాకా నాలుగు రంగులను చూశాను. ఆ చుట్టులో ఒక ఇంటివాళ్లను చూశాను.

ఇప్పుడు లోపాలు. మొదటిది నీడ. ఆ ప్రాంగణమంతా పరచిన రాయి, మధ్యాహ్నం కాలు పెట్టలేనంత వేడి. గోడ వారన ఉన్న కొద్దిపాటి నీడలో అందరూ సర్దుకోవాలి. పెద్దవాళ్లను పన్నెండు నుంచి మూడు మధ్య తీసుకెళ్లవద్దు. మా మామగారి వయసు వాళ్లు అక్కడ పది నిమిషాలు నిలబడలేరు. రెండోది పలకలు. ఏ రాజుదో, ఎప్పటిదో చెప్పే పలకలు ఉన్నాయి, కానీ పొట్టిగా ఉన్నాయి. పెంకు ఎక్కడ కాల్చారు, ఎవరు అతికారు, పరంజా ఎలా కట్టారు, ఇప్పుడు మరమ్మతు ఎలా చేస్తున్నారు, ఇవేమీ లేవు. రాజుల పేర్లు నాలుగు తెలుసుకున్నాను. పనివాళ్ల గురించి ఒక్క వాక్యం చదవాలని నాకు ఎంతో ఉండింది. మూడోది ఫోటోల గొడవ. పీఠాల అంచుల మీద కూర్చుని, పువ్వుల మీద చేయి ఆనించి ఫోటోలు తీయించుకునేవాళ్లు ఉన్నారు. కాపలావాళ్లు వచ్చి లేపుతున్నారు, వాళ్లు వెళ్లగానే ఇంకొకరు కూర్చుంటున్నారు. మన వాళ్లు కూడా చేశారు. ఒక రేకు విరిగితే దాన్ని మళ్లీ అదే వంపుతో కాల్చి తేవాలి. దయచేసి ఆనవద్దు.

మిగతా గుడి గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అవి అందరూ చెప్పేవే. శయన బుద్ధుడు 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. పాదాల దగ్గర ఆగండి. ముత్యపు చిప్ప పొదిగి 108 శుభ లక్షణాలు చేశారు, చిప్పను అంత పలుచగా కోసి అమర్చడం నాకు పెంకు పని కన్నా కష్టంగా తోచింది. వెనక వైపు 108 కంచు పాత్రల్లో నాణేలు వేస్తారు. ప్రధాన మందిరం చుట్టూ అడుగు భాగంలో పాలరాతి పలకల మీద వాళ్ల రామాయణం ఉంది, 152 పలకలు. మందిరంలోని బుద్ధుడి పీఠంలో మొదటి రామ అస్థికలు ఉన్నాయి. ఒళ్లు విరుచుకుంటున్న ఋషుల బొమ్మలు పిల్లలకు నచ్చుతాయి. వైద్యం మొదలు అనేక విద్యలను రాళ్ల మీద చెక్కించి గోడలకు పెట్టిన శాసనాలకు 2011లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మసాజు బడి బాగుందని మా బ్యాచ్ వాళ్లు చెప్పారు, నేను వెళ్లలేదు.

మన జిల్లా సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. దర్శి వైపు పని పడినప్పుడు ఒకసారి దొనకొండ మండలం చందవరం వెళ్లాను. గుండ్లకమ్మ ఒడ్డున గుట్ట మీద శాతవాహనుల నాటి మహాస్తూపం. 1964లో పురావస్తు శాస్త్రవేత్త వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గుర్తించారు, 1970లలో తవ్వకాలు జరిగాయి. వాట్ ఫో స్తూపాలకు పదిహేను వందల ఏళ్లకు పైగా పెద్దది. దాని ఒంటికి పెంకు కాదు, సున్నపురాతి పలకలు తొడిగారు, పలకల మీద శిల్పాలు. ఆ పలకల్లో కొన్ని దొంగల పాలయ్యాయి. బుద్ధుణ్ణి కొలిచే భక్తుల శిల్పం ఒకటి ఎక్కడెక్కడో తిరిగి 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ కొనుగోలులో తేలింది. చందవరానిదని రుజువయ్యాక 2016లో వాళ్లు మన దేశానికి తిరిగి ఇచ్చారు. నేను వెళ్లిన రోజు గుట్ట మీద నేను తప్ప మేకల కాపరి ఒకరే ఉన్నారు. "ఎవరైనా వస్తారా పెద్దాయనా?" అని అడిగితే, "నీలాంటి వాళ్లు ఎప్పుడైనా ఒకరు వస్తారు నాయనా" అన్నారు.

వాట్ ఫోలో నిలబడినప్పుడు నాకు ఆ గుట్ట గుర్తొచ్చింది, బాధ కలిగింది. అక్కడ రోజూ వేలమంది, 300 బాత్ టికెట్టు, కాపలా, విరిగిన రేకు మార్చే మేస్త్రీలు. ఇక్కడ ఇంకా పాతది, ఇంకా పెద్ద చరిత్ర ఉన్నది, ఒంగోలు నుంచి పొద్దున బయల్దేరితే చూసి సాయంత్రానికి ఇంటికి రాగలిగినది. బ్యాంకాక్ వెళ్లే ప్రతి బ్యాచ్‌లో సగం మంది చందవరం చూడలేదు. మా బ్యాచ్‌లో నేను అడిగిన వాళ్లలో ఒక్కరూ చూడలేదు. తిరిగి వచ్చాక మా బావమరిదిని, పనిలోకి కొత్తగా వచ్చిన ఇద్దరు కుర్రవాళ్లను చందవరం తీసుకెళ్లాను. రాతి పలకను రాతి పలకకు ఎలా ఆనించారో, అంచులు ఎలా దిద్దారో చూపించాను. ఆ కుర్రవాళ్లు అడిగిన ప్రశ్నలు బ్యాంకాక్ గైడు దగ్గర ఎవరూ అడగలేదు.

వాట్ ఫోకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన అర నీడ లేనందుకు, పనివాళ్ల ఊసు లేనందుకు. మా టూరు ఏజెన్సీకి ఐదుకు రెండు. హోటలు, భోజనం, బస్సు బాగానే ఉన్నాయి, పప్పు, పెరుగు కూడా పెట్టారు. మార్కులు పోయింది ఆ నలభై నిమిషాల దగ్గర.

టైల్స్, గ్రానైటు, తాపీ పని చేసే ఎవరైనా వెళ్తే కనీసం మూడు గంటలు పెట్టుకోండి. మూడింటికి లోపలికి వెళ్లి ముందు మందిరాలు చూడండి, నాలుగు దాటాక స్తూపాల దగ్గరికి రండి. సాయంత్రం ఆరు దాకా తొందర లేదు. ఫోనులో జూమ్ చేసి పై అంతరువుల మూలలు చూడండి, కంటికి అందవు. ఓపిక ఉంటే బయటికి వచ్చి నది రేవుకు నడవండి. పడవలో అవతలి ఒడ్డుకు వెళ్తే వాట్ అరుణ్ గుడి ఉంది, అదీ పింగాణీ ముక్కల పనే. టూరుకు పేరు ఇచ్చే ముందే వాట్ ఫోలో ఎంతసేపు ఆపుతారో ఏజెన్సీని అడగండి. గంట లోపే అంటే, ఖాళీగా వదిలే పూట ఏదో కనుక్కుని సనమ్ చాయ్ స్టేషన్ పేరు రాసి జేబులో పెట్టుకోండి.